చారాణా నొప్పి, బారాణా నొప్పి

నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంత ఉందో అడగాలని ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) క్లాసులో నేర్పారు. హన్మకొండలో, చివరి రోజుల్లో ఉన్న కాన్సర్ పేషెంట్లను చూసుకునే పది మంచాల కేంద్రానికి ఫీల్డ్ వర్క్‌కు వెళ్లిన మొదటి వారమే ఆ ప్రశ్న అందరి దగ్గరా నడవదని తెలిసిపోయింది. బతుకంతా పత్తి ఏరిన అవ్వకు, బీడీలు చుట్టిన అమ్మకు పదిలో ఏడు అంటే ఏం తోస్తుంది? “మస్తు నొస్తంది బిడ్డా” అనేవాళ్లు. లేదంటే అడిగినవాళ్లు బాధపడతారని “జర నయమే” అనేవాళ్లు. అక్కడి నర్సక్క మాత్రం మంచం పట్టె మీద కూర్చుని, “రూపాయిల ఎంత నొస్తందే అవ్వా? చారాణానా, ఆఠాణానా, బారాణానా?” అని పావలా, అర్ధరూపాయి, ముప్పావలా లెక్కలో అడిగేది. జవాబు టక్కున వచ్చేది. “పొద్దుగాల ఆఠాణా. రాత్రయితే రూపాయికి రూపాయి.”

ఆ ఒక్క మాటతో డాక్టర్‌కు సగం పని అయిపోయేది. నొప్పి ఎంతో తెలిసింది, ఎప్పుడు పెరుగుతుందో తెలిసింది, రాత్రి మోతాదు చాలడం లేదనీ తెలిసింది. కేస్ షీట్‌లో చారాణాకు రెండో మూడో, ఆఠాణాకు అయిదు, బారాణాకు ఏడో ఎనిమిదో, రూపాయికి పది వేసేవాళ్లం. అంకె పక్కన పేషెంట్ అన్న మాట అన్నట్టే రాయాలని అక్కడి నియమం. “గుంజుతంది”, “సలుపుతంది” అంటే ఒక రకం. “మంట లేస్తంది”, “కరెంటు కొట్టినట్టు జివ్వుమంటది”, “సూదులు గుచ్చినట్టుంది” అంటే నరాల నొప్పి, దానికి మందులు వేరే. ఇవన్నీ కలిపి “తీవ్రమైన నొప్పితో బాధపడుతున్నారు” అని గ్రాంథికంలో రాసిన రిపోర్టు డాక్టర్‌కు ఎందుకూ కొరగాదు.

ఎంఎస్‌డబ్ల్యూలో వారానికి రెండు రోజులు ఫీల్డ్ వర్క్, చివర్లో నెల రోజుల బ్లాక్ ప్లేస్‌మెంట్ ఉంటాయి. ఎక్కువమంది పిల్లల సంరక్షణ, అంగన్‌వాడీ, కుటుంబ సలహా కేంద్రాల వైపు వెళ్తారు. చావు దగ్గరి పని అంటే ఇంట్లోవాళ్లే వద్దంటారు. చివరి రోజుల్లో ఉన్నవాళ్లను చూసుకునే హాస్పీస్‌ల ఉద్యమానికి పునాది వేసిన సిసిలీ సాండర్స్ కూడా మన వృత్తిలో పనిచేసిందని ఆ రోజుల్లో తెలిసి ఎంతో ధైర్యం వచ్చింది. ఆమె మొదట నర్సు. నడుము నొప్పితో ఆ పని మానుకుని ఆసుపత్రి సోషల్ వర్కర్ అయింది. చనిపోతున్నవాళ్ల నొప్పి గురించి చెబితే ఎవరూ పట్టించుకోవడం లేదని మళ్లీ చదివి, 1957లో డాక్టర్ అయింది. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్ మొదలుపెట్టింది. నొప్పి అంటే ఒళ్లు నొప్పి ఒక్కటే కాదు, మనసుది, ఇంటిది, డబ్బుది, దేవుడిది అన్నీ కలిసి ఒకే నొప్పిగా వస్తాయని చెప్పింది ఆమే. మన దేశంలో 1986లో ముంబయిలో మొదటి హాస్పీస్ వచ్చింది. 1993లో కోజికోడ్‌లో నొప్పి నివారణ క్లినిక్ మొదలైంది. మన దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది హైదరాబాద్ ఎంఎన్‌జే కాన్సర్ ఆసుపత్రికి కాజీపేట నుంచి రైల్లో తిరిగి తిరిగి, చివరికి “ఇంటికి తీస్కపోండి” అన్న మాట విని వచ్చినవాళ్లే. ఆ మాట తర్వాత ఇంట్లో ఏం చేయాలో మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. మా పని అక్కడ మొదలయ్యేది.

గట్టి నొప్పికి వాడే మార్ఫిన్ రాసేది డాక్టర్, ఇచ్చేది నర్సు. కానీ అది ఇంట్లో సరిగ్గా నడిచేలా చూడటంలో సగం పని సోషల్ వర్కర్‌దే. మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలే పనిచేస్తుంది. అందుకని పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10కి వేయాలి. రాత్రి 2 గంటలకు లేపనక్కర లేకుండా 10 గంటలకు రెండు మోతాదులు కలిపి ఇస్తారు. చదువు రాని ఇంట్లో ఈ టైములు రాసిచ్చి లాభం లేదు. అట్టముక్క మీద ఉదయించే సూర్యుడు, బారెడెక్కిన పొద్దు, నెత్తి మీది సూర్యుడు, గుంకే పొద్దు, చందమామ గీసి, ఒక్కో బొమ్మ కింద మాత్ర ఖాళీ రేకు అంటించేవాళ్లం. వేసిన ప్రతిసారీ బొగ్గుతోనో పెన్సిల్‌తోనో గీత పెట్టాలి. ఆ గీతలు పెట్టే పని బడికి పోయే మనవరాలికి అప్పగిస్తే ఒక్కటీ తప్పేది కాదు. మాత్రలు మాత్రం పెద్దవాళ్ల దగ్గర, సందుగలో తాళం కింద ఉండాలి.

తప్పులు ఎక్కడ జరుగుతాయో మూడు వారాలు తిరిగితే తెలిసిపోతుంది. మొదటిది, నొప్పి లేదు కదా అని పూట మానేయడం. నొప్పి లేనిది మాత్ర వల్లే. ఒక పూట తప్పితే అది మళ్లీ రూపాయికి ఎక్కుతుంది, దాన్ని దించడానికి పూటంతా పడుతుంది. రెండోది, విరేచనం మాత్ర వదిలేయడం. మార్ఫిన్ వేసుకునే దాదాపు అందరికీ మలబద్ధకం వస్తుంది, అది అలవాటై పోయేది కాదు. నాలుగు రోజులు బయటికి పోకపోతే కడుపు ఉబ్బి నొప్పి మొదలవుతుంది. “ఈ గోలి పడ్తలేదు” అని ఇంట్లోవాళ్లు మార్ఫిన్ ఆపేస్తారు, ఆపాల్సింది అది కాదు. అందుకే ఇంటికి వెళ్లగానే మొదటి ప్రశ్న నొప్పి గురించి కాదు, “దొడ్డికి ఎన్నడు పోయిన్రు?” అని. మూడోది భయం. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది, వాంతి వచ్చినట్టుంటుంది. దాన్ని చూసి మత్తుమందు అలవాటు చేస్తున్నారని, ఇక చివరికి వచ్చిందని అనుకుంటారు. ఆ మగత తగ్గుతుందని ముందే చెప్పి ఉంచితే గోల ఉండదు. అది తగ్గకుండా పెరుగుతున్నా, చేతులు ఉలిక్కిపడుతున్నట్టు అదురుతున్నా, మాట తడబడుతున్నా వెంటనే ఫోన్ చేయమనాలి. కిడ్నీ సరిగ్గా పనిచేయనివాళ్లలో మందు ఒంట్లో పేరుకుపోతుంది.

నోటి కాన్సర్ పుండ్లు, రొమ్ము పుండ్లు ఉన్న ఇళ్ల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఎందుకంటే అక్కడ మనిషిని నొప్పి కన్నా వాసన ముందు చంపుతుంది. మంచం వెనక అర్రలోకి పోతుంది, తర్వాత పశువుల కొట్టం పక్కకు పోతుంది. గ్లాసు వేరు, పళ్లెం వేరు అవుతాయి. మనవలు గడప దాకా వచ్చి ఆగిపోతారు. కాన్సర్ అంటుకోదని ఎంత చెప్పినా వాసన ఉన్నంత కాలం ఎవరూ నమ్మరు. వాసన తగ్గించడం మాత్రం కష్టమేమీ కాదు, ఖర్చూ కాదు. అరలీటరు నీళ్లలో ఒక చెంచా ఉప్పు వేసి పది నిమిషాలు మరగబెట్టి చల్లార్చాలి. పాత కట్టును గుంజకూడదు. గుంజితే రక్తం వస్తుంది, మళ్లీ కట్టు కట్టించుకోవడానికి ఆ మనిషి ఒప్పుకోడు. ఉప్పునీళ్లు పోసి నానబెట్టి, అదే ఊడి వచ్చేదాకా ఆగాలి. పుండు కడిగాక మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా పొడి చేసి చల్లి, తడి గాజుగుడ్డ వేసి, పైన మెత్తని పొడి గుడ్డతో కట్టాలి. గాజుగుడ్డ కొనలేని ఇంట్లో పాత నూలు చీర ముక్కలు కత్తిరించి, ఉతికి, ఇడ్లీ పాత్రలో అరగంట ఆవిరి పట్టి, ఎండబెట్టి మూత డబ్బాలో పెట్టుకుంటే చాలు. కట్టు మార్చే ముందు, అరగంట నుంచి గంట ముందే, మార్ఫిన్ మోతాదు పడి ఉండాలి. ఈగలు వాలకుండా దోమతెర కట్టాలి. పుండులో పురుగులు పడితే ఇంట్లోవాళ్లు దాన్ని పాపఫలం అనుకుని చెప్పడానికి సిగ్గుపడతారు. అది ఈగ వాలినందువల్లే వచ్చిందని, నర్సు టర్పెంటైన్ నూనెతో బయటికి తీస్తుందని మామూలు గొంతుతో చెప్పాలి.

ఇట్లా చేస్తే కొద్ది రోజుల్లోనే వాసన తగ్గేది. మంచం మళ్లీ ముందరి సాయబాన్లోకి వచ్చేది. ఒక ఇంట్లో వాసన తగ్గిన నాలుగో రోజున మనవడు తాత మంచం కోడుకు ఆనుకుని కూర్చుని లెక్కలు చేసుకుంటుంటే, తాత వాడి వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు. కేస్ షీట్‌లో దానికి గడి లేదు. పక్కన ఖాళీలో రాశాం.

మంచం సంగతి. నులక మంచం నడుమ కుంగుతుంది. బరువంతా తుంటి ఎముక మీద పడి వారంలో పుండు లేస్తుంది. నులక గుంజి బిగించాలి, లేదంటే పైన చెక్క వేయాలి. కేంద్రం నుంచి ఎయిర్ బెడ్ ఇచ్చినప్పుడు ఎక్కువ ఇళ్లలో జరిగే తప్పు ఒకటే. మెత్తగా ఉంటుందని దాని మీద మందపాటి బొంత పరుస్తారు. బొంత పరిస్తే గాలి గదులు పనిచేసినా చేయనట్టే. పలచని దుప్పటి ఒక్కటే, ముడతలు లేకుండా ఉండాలి. గాలి సరిపోయిందో లేదో చూడటానికి తుంటి కింద పరుపు అడుగున అరచెయ్యి పెట్టాలి. ఎముక చేతికి తగిలితే గాలి చాలనట్టు. మోటారు ఉంది కదా అని పక్కకు తిప్పడం మానకూడదు, రెండు గంటలకోసారి తిప్పాల్సిందే. ఎర్రబడ్డ చోట రుద్దకూడదు. నూనె పెట్టి మర్దన చేస్తే మంచిదని పెద్దవాళ్లు అంటారు. లోపల చితికిన చర్మం రుద్దితే ఇంకా చితుకుతుంది.

ముక్కు గొట్టంతో జావ పోసే ఇళ్లలో గొట్టం పూడుకుపోయిందని ఫోన్లు వచ్చేవి. గుడ్డతో వడగట్టకుండా రాగి జావ పోయడం, పోశాక నీళ్లు ఎక్కించకపోవడం వల్ల అట్లా అవుతుంది. తల ఎత్తుగా పెట్టి, ఒక్కసారికి గ్లాసు దాటకుండా పోసి, తర్వాత అరగంట ఆ మనిషిని పడుకోబెట్టకుండా ఉంచాలి.

ఇక కాగితాలు. ప్రతి ఇంట్లో బట్టల దుకాణం ప్లాస్టిక్ కవర్ ఒకటి గోడ మేకుకు వేలాడుతూ ఉంటుంది. అందులో స్కానింగ్ ఫిల్ములు, ఆరోగ్యశ్రీ చీటీలు, ఆధార్, కరెంటు బిల్లు, పాస్‌బుక్, మందుల షాపు రసీదులు అన్నీ ఒక్కచోటే ఉంటాయి. దాన్ని చాప మీద కుమ్మరించి మూడు కుప్పలు చేయడం సోషల్ వర్కర్ మొదటి రోజు పని. రోగానివి ఒక కుప్ప, బతికున్నప్పుడు పనికొచ్చేవి ఒక కుప్ప, పోయిన తర్వాత కావాల్సినవి ఇంకో కుప్ప. మూడో కుప్ప పేరు పేషెంట్ ముందు అనకూడదు. “ఇంటి కాగితాలు” అనేవాళ్లం.

ఆ మూడో కుప్పలో ముఖ్యమైనది రైతు బీమా. 2018 ఆగస్టు నుంచి పట్టా ఉన్న రైతుకు, 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఏ కారణంతో చనిపోయినా, నామినీకి ఎల్‌ఐసీ ద్వారా 5 లక్షలు వస్తాయి. వయసు ఆధార్‌లో ఉన్నదే లెక్క. అప్పులు చేసి వైద్యం చేయించుకున్న ఇంటికి అదే దిక్కు. కానీ నామినీ తల్లి అయి, ఆ తల్లి రెండేళ్ల కింద పోయి ఉంటుంది. లేదంటే భార్య పేరు బీమాలో పిలుపు పేరుతో, ఆధార్‌లో అసలు పేరుతో ఉంటుంది. ఇవి మనిషి ఉండగానే ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గరికి పోయి సరిచేసుకోవాల్సినవి. పోయిన తర్వాత సరిచేయాలంటే కాళ్లరిగేలా తిరగాలి. అందుకని ఇంటికి వెళ్లిన మొదటి రోజునే ఆధార్‌లో పేరు, పాస్‌బుక్‌లో పేరు, బ్యాంకులో పేరు పక్కపక్కన రాసి అక్షరం అక్షరం పోల్చేవాళ్లం. ఒక ఇంటిపేరులో “వేని”కి బదులు “వేణి” పడినందుకు తహసీల్ ఆఫీసుకు మూడుసార్లు తిరిగిన ఇల్లు ఉంది.

పింఛన్ అప్పట్లో వితంతువులకు, బీడీ కార్మికులకు 2,016 రూపాయలు, దివ్యాంగులకు 3,016. దివ్యాంగుల పింఛన్‌కు వైకల్యాన్ని లెక్కగట్టే సదరం క్యాంపులో కనీసం 40 శాతం ఉందన్న సర్టిఫికెట్ కావాలి. వెన్నుపూసకు కాన్సర్ పాకి కాళ్లు పడిపోయిన మనిషి ఆ క్యాంపుకు ఎట్లా పోతాడు? స్లాట్ తేదీ, ఆటో ట్రాలీ, పరుపు, క్యాథెటర్ సంచి, ఆ రోజు మార్ఫిన్ టైములు అన్నీ కలిపి ఒక ప్రయాణంలా ప్లాన్ చేయాలి. మూత్రం సంచి ఎప్పుడూ నడుము కన్నా కిందికే వేలాడాలి. ఒళ్లో పెట్టుకుంటే మూత్రం వెనక్కి పోతుంది. ఏళ్ల తరబడి బీడీలు చుట్టినవాళ్లకు వేలిముద్రలు అరిగిపోయి మెషిన్‌లో పడవు. పంచాయతీ కార్యదర్శితో ముందే మాట్లాడి పెట్టుకుంటే పింఛన్ రోజున ఆ మనిషిని మంచంతో సహా మోసుకుపోవాల్సిన బాధ తప్పుతుంది.

భూమి గొడవల్లో మాత్రం సోషల్ వర్కర్ ఎవరి పక్షమూ పట్టకూడదు. ఎవరైనా ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయించబోతే అక్కడే ఆపాలి. వీలునామా రాయాలనుకుంటే ఇద్దరు సాక్షులు కావాలి. ఆ మనిషి తెలివితో ఉన్నాడని డాక్టర్ చీటీ ఉంటే ఇంకా మంచిది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో లాయర్ సాయం ఉచితంగా దొరుకుతుందని చెప్పాలి. మార్ఫిన్ వేసుకున్న మనిషికి తెలివి ఉండదని పాలివాళ్లు వాదిస్తారు. మోతాదు కుదురుకున్న తర్వాత అట్లా ఏమీ ఉండదు.

రోగం పేరు దాచే ఇళ్లు సగానికి పైనే. గుమ్మంలోనే చెయ్యి పట్టుకుని, “నాయినకు చెప్పకుండ్రి మేడం, తట్టుకోలేడు” అంటారు. అట్లా చెప్పిన కొడుకుతో వాదించకూడదు. అది ప్రేమే. ఆయనకు చెబితే ఏమవుతుందని భయపడుతున్నారో ముందు అడగాలి, అడిగి పూర్తిగా వినాలి. “మేమంతట మేం చెప్పం. కానీ ఆయనే అడిగితే అబద్ధం ఆడలేం” అని మాట ఇవ్వాలి. తర్వాత పెద్దాయన దగ్గర కూర్చుని, “మీకేమైందని చెప్పిన్రు?” అని అడగాలి. నూటికి తొంభైసార్లు ఆయన గోడ వైపు చూసి, “నాకెర్కనే బిడ్డా. పోరడు భయపడ్తడని అడుగుతలేను” అంటాడు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు దాస్తుంటారు. ఆ తెర తీయడానికి తొందరపడకూడదు. కొడుకును పిలిచి, “మీ నాయిన మీతోని ఏదో మాట్లాడాలంటున్నడు” అని మాత్రం చెప్పి, మేం వాకిట్లోకి వచ్చి బీపీ మిషన్ సర్దుకునేవాళ్లం.

కుటుంబ పటం గీసేటప్పుడు మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, పోయినవాళ్లకు లోపల ఇంటూ గుర్తు. మాటలు లేనివాళ్ల మధ్య తెగిన గీత వేయాలి. ఆ తెగిన గీతలే రాబోయే వారాల్లో చేయాల్సిన పని. అలిగి భివండీకో గల్ఫ్‌కో పోయిన తమ్ముడు, పెళ్లి విషయంలో దూరమైన బిడ్డ, పాలు పంచుకున్న కాడ మాట పోయిన అన్న. వాళ్లకు ఫోన్ చేయాలా వద్దా అన్నది పేషెంట్ ఇష్టం. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు టికెట్, సెలవు దొరకడానికి రోజులు పడతాయి కాబట్టి ఆ మాట ముందే ఎత్తాలి. వీడియో కాల్ అయితే పేషెంట్ మాట్లాడగలిగే రోజుల్లోనే పెట్టించాలి.

కిరాయి ఇళ్ల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. పిల్లల చదువుల కోసమో కూలి కోసమో హన్మకొండకు, కాజీపేటకు వచ్చి ఒక అర్ర కిరాయికి తీసుకుని ఉన్నవాళ్లు ఎందరో. పేషెంట్ మంచాన పడ్డాడని తెలియగానే ఇంటి ఓనర్ మెల్లగా అడగడం మొదలుపెడతాడు. “ఊరికి ఎన్నడు తీస్కపోతరు?” అని. అతడు చెడ్డవాడని కాదు. ధనిష్ఠా పంచకంలో ప్రాణం పోతే ఇల్లు నెలల తరబడి పాడుపెట్టాలన్న నమ్మకం ఉంది, తర్వాత కిరాయికి ఎవరూ రారన్న భయం ఉంది. కానీ ఆ భయం బరువంతా చివరి ఘడియల్లో ఉన్న మనిషి మీదే పడుతుంది. ఎగశ్వాస మొదలయ్యాక అర్ధరాత్రి ఆటోలో వేసుకుని బయలుదేరితే, ఊరు చేరకముందే దారిలోనే పోతారు. అంతకన్నా ఘోరం ఉండదు.

అందుకని “సొంతిల్లా, కిరాయా?” అన్నది మొదటి రోజే అడగాలి. కిరాయి అయితే, ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటేనే ఓనర్‌తో మాట్లాడాలి. రోగం పేరు చెప్పే హక్కు మనకు లేదు. చివరి రోజులు ఎక్కడ గడపాలో పేషెంట్‌ను అడగాలి. ఎక్కువమంది ఊరే అంటారు. ఊరి ఇంటికి కప్పు సరిగ్గా ఉందా, కరెంటు ఉందా, దొడ్డికి ఎంత దూరం, చూసుకోవడానికి ఎవరున్నారు, దగ్గరి ఆరోగ్య కేంద్రం ఏది అని ముందే ఒకసారి పోయి చూసి రావాలి. ఏఎన్ఎంకు, ఆశా వర్కర్‌కు పరిచయం చేయాలి. ఇంకా మింగగలిగి, కూర్చోగలిగిన రోజుల్లోనే తరలించాలి. బయలుదేరే అరగంట ముందు మందు వేయాలి, వెంట డాక్టర్ చీటీ, వారం మందులు ఉండాలి. ఊరు కుదరకపోతే కేంద్రంలో ఒక మంచం ఆపి ఉంచేవాళ్లు. అక్కడే పోతే, అక్కడి నుంచే నేరుగా ఊరికి. ఇది ముందే మాట్లాడుకున్న ఇంట్లో ఆ రాత్రి ఎవరూ పరుగులు పెట్టరు, ఏడవడానికి వాళ్లకు తీరిక ఉంటుంది.

మొక్కులు కూడా నొప్పిలో భాగమే. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు మిగిలిపోయిందని, మేడారం అమ్మలకు నిలువెత్తు బంగారం బాకీ ఉందని నిద్రపట్టక మూలిగేవాళ్లు ఉండేవారు. దానికి మోతాదు పెంచితే ఏం లాభం? ఒక పెద్దాయన మొక్కు గురించి ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ఎత్తు బంగారం అంటే మనిషి బరువంత బెల్లం. ఇప్పుడు ఆయన ఎముకల గూడు. “ఇప్పుడు తూగితే అమ్మకు తక్కువైతది” అని ఆయన బాధ. మొక్కుకున్ననాటి బరువు ఎంతో ఎవరికీ తెలియదు. చివరికి ప్లాస్టిక్ కవర్‌లో రెండేళ్ల కిందటి ఓపీ చీటీ మూలన 58 కిలోలు అని కనిపించింది. కొడుకులు అంత బెల్లమూ కొని మంచం పక్కన పెట్టారు. ఆయన ఒక్కో దిమ్మ మీదా చెయ్యి పెట్టి పంపించాడు. జాతర రెండేళ్లకోసారే కానీ గద్దెల దగ్గరికి ఎప్పుడైనా పోవచ్చు. అదీ కుదరకపోతే పసుపు గుడ్డలో ముడుపు కట్టి దేవుడి దగ్గర పెడితే చాలామందికి మనసు నిమ్మళిస్తుంది. ముస్లిం ఇంట్లో మంచం కిబ్లా వైపు తిప్పడం, క్రైస్తవ ఇంట్లో పాస్టర్‌ను పిలిపించడం అట్లాంటివే. అడగకుండా మనం మొదలుపెట్టకూడదు, అడిగాక ఆలస్యం చేయకూడదు. గుక్కెడు కల్లు అడిగినవాళ్లకు కూడా డాక్టర్‌ను అడిగి, దూదితో నాలుక తడిపేంత ఇచ్చేవాళ్లు.

చివరి రెండు మూడు రోజుల గురించి ఇంట్లోవాళ్లకు ముందే చెప్పాలి. తిండి పోతుంది. తినకపోవడం వల్ల చనిపోవడం లేదని, ఒళ్లు ముగుస్తోంది కాబట్టి తిండి వద్దంటోందని చెప్పాలి. మూత్రం తగ్గుతుంది, కాళ్లు చల్లబడి మచ్చలు మచ్చలుగా అవుతాయి. ఊపిరి ఆగి ఆగి వస్తుంది. గొంతులో గురగుర శబ్దం వస్తుంది. వినేవాళ్లకు భయం కానీ ఆ మనిషికి అది బాధ కాదు. ఒక పక్కకు తిప్పి, తల కొంచెం ఎత్తుగా పెడితే తగ్గుతుంది. తులసి నీళ్లు చెంచాతో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ఉక్కిరిబిక్కిరి అవుతారు. దూది తడిపి పెదాలకు, చెంప లోపలికి అద్దాలి. అందరూ తలా ఒకసారి అద్దవచ్చు. మంచం మీద ప్రాణం పోకూడదని కిందికి దించుతామంటే వద్దనకూడదు. ఎట్లా దించాలో చూపాలి. ముందే చాప మీద బొంత పరిచి, మందు వేసి, దుప్పటి నాలుగు కొనలూ నలుగురు పట్టుకుని ఒక్క ఊపున దించాలి. చంకల్లో చేతులు పెట్టి లాగకూడదు. మింగలేకపోతున్నాడని మార్ఫిన్ ఆపకూడదు, వేరే దారిలో ఇచ్చే వీలుంది, ఫోన్ చేయాలి. చెవి చివరి దాకా వినవచ్చు కాబట్టి అప్పులు, ఖర్చులు మంచం దగ్గర మాట్లాడొద్దని, పేరు పెట్టి పిలవమని చెప్పేవాళ్లం.

పోయాక మూడో రోజు పిట్టకు పెట్టుడు, తర్వాత దినాలు. పదకొండో రోజు దాటేదాకా మేం వెళ్లేవాళ్లం కాదు. అప్పటికి చుట్టాలు వెళ్లిపోతారు, ఇల్లు ఖాళీ అవుతుంది, ఆ ఖాళీ రోజునే ఎవరో ఒకరు రావాలి. ఈలోగా ఫోన్‌లో ఒకటే గుర్తు చేసేవాళ్లం. ఇంట్లో పోయినవాళ్ల మరణం 21 రోజుల్లోపు పంచాయతీ కార్యదర్శి దగ్గర, పట్టణంలో అయితే మున్సిపాలిటీలో నమోదు కావాలి, పేరు ఆధార్‌లో ఉన్నట్టే పడాలి, రెండు మూడు కాపీలు తీసుకోవాలి. బీమాకు, వితంతు పింఛన్‌కు, భూమి వారసుల పేరు మీదికి మార్చే విరాసత్‌కు, సంపాదించే మనిషి 59 ఏళ్లలోపు పోయిన పేద ఇంటికి కేంద్ర ప్రభుత్వ పథకం కింద వచ్చే 20,000 రూపాయలకు అన్నిటికీ ఆ కాగితమే మూలం.

ఆ రోజు వెళ్లి ఎక్కువ మాట్లాడేది ఉండదు. నిద్ర పడుతోందా, పొయ్యి వెలుగుతోందా, రాత్రి ఎవరు తోడు పడుకుంటున్నారు అని అడిగేవాళ్లం. ఇన్నాళ్లూ రెండు గంటలకోసారి లేచి పక్కకు తిప్పిన భార్యకు, ఇప్పుడు తిప్పడానికి ఎవరూ లేకపోయినా రాత్రంతా అదే టైముకు మెలకువ వస్తుంది. అది జబ్బు కాదని, కొన్నాళ్లు ఉంటుందని చెప్పాలి. మిగిలిన మార్ఫిన్ మాత్రలు వాళ్ల ముందే లెక్కపెట్టి, రిజిస్టర్‌లో రాసి, ఇద్దరి సంతకాలతో వెనక్కి తెచ్చేవాళ్లం. అట్టముక్క చార్ట్ మాత్రం చాలా ఇళ్లలో గోడకు అట్లాగే ఉండేది. దాన్ని తీయమని అడిగేవాళ్లం కాదు.

ఎయిర్ బెడ్ మడత పెట్టి బండిలో వేసుకుని వచ్చేవాళ్లం. కేంద్రం వెనకాల తీగ మీద వేసి, బ్లీచింగ్ నీళ్లతో తుడిచి, నీడన ఆరబెట్టి, రాత్రంతా మోటారు వేసి ఉంచి పొద్దున్నే అరచేత్తో ఒత్తి చూసేవాళ్లం. ఏ గదీ కుంగకపోతే రిజిస్టర్‌లో దాని నంబర్ పక్కన ఆత్మకూరు కొట్టేసి, ధర్మసాగర్ అని రాసి బండెక్కించేవాళ్లం.